ఆర్లో వేసిన మైనస్

సోమవారం పొద్దున్న ఏడు కొట్టకముందే ఆర్లో వీబేకి ఒళ్ళు మండింది. మండించినవాడు ట్రెంట్ బర్డిక్. ముప్పై ఒకటో ఏడు, మడత నలగని చొక్కా, ప్లాట్ ఫోర్క్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి దాడి ఎత్తులన్నీ గీసే కోచ్. గోడకి తెర దించి, వచ్చే సీజన్లో మనం ఎలా ఆడబోతున్నామో చూపిస్తున్నాడు. పదహారు సెకన్లకో ఎత్తు. మధ్యలో గుమిగూడి మాట్లాడుకోవడాలు ఉండవు. ఎవరు ఎటు పరిగెత్తాలి, లైను ఎటు జరగాలి, అన్నీ మైదానం గీత బయటి నుంచి, పోయినేడు అప్పుడప్పుడు మాత్రమే ఎత్తిన బోర్డుల మీద చూపించడమే. నీలం బోర్డు ఎత్తితే లైను కుడికి, పసుపు ఎత్తితే ఎడమకి. కుర్రాళ్ళు తల తిప్పి చూడాలి, చూసింది చెయ్యాలి, అంతే.

"ఆలోచించే పని మనది. పరిగెత్తే పని వాళ్ళది," అన్నాడు బర్డిక్.

బల్ల చుట్టూ ఉన్న కోచ్‌లంతా తలలూపారు. ఆర్లో ఊపలేదు. పందొమ్మిదేళ్ళుగా అక్కడ లైనుకి కోచ్ అతను. లైనంటే ముందు వరసలో వంగి నిలబడే అయిదుగురు. వాళ్ళు బంతి పట్టుకుని పరిగెత్తరు, పాయింట్లు తేరు, పేపర్లో వాళ్ళ పేర్లు పడవు. ఎదుటివాళ్ళు వచ్చి, వెనకాల బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా అడ్డంగా నిలబడటమే వాళ్ళ పని. ఆ అయిదుగురిలో నడిమివాడు సెంటర్. బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించేది వాడే. అందించేముందు ఎదుటి వరసని చూసి, దాడి ఎటునుంచి వస్తుందో పసిగట్టి, మిగతా నలుగురికీ కేకేసి చెప్పేదీ వాడే. ఆ కేకే ఉండదంటున్నాడు బర్డిక్.

ఆర్లో ఊరుకోలేదు. నలభై గజాల అవతల, గీత బయట నిలబడ్డవాడికి ఏం కనిపిస్తుందని అడిగాడు. ఎదుటివాడి ఊపిరి తగిలేంత దగ్గర్లో ఉన్నవాడి కళ్ళకి గంతలు కట్టి, దూరంగా ఉన్నవాడి కళ్ళతో ఆడతామా అన్నాడు. సెప్టెంబర్లో మొదటి మూడు మ్యాచ్‌లూ మీదకి ఎగబడే జట్లతోనే ఉన్నాయి. మన క్వార్టర్‌బ్యాక్ చూస్తే పద్దెనిమిదేళ్ళవాడు, పోయినేడు ఆడినవాడు మోకాలు విరిగి ఇంకా చంకకర్రల మీదే తిరుగుతున్నాడు. ఇదంతా విని బర్డిక్ ఓపిగ్గా నవ్వాడు. ఓపిగ్గా నవ్వేవాళ్ళంటే ఆర్లోకి మొదటినుంచీ గిట్టదు.

అప్పుడు పెద్ద కోచ్ డ్వేన్ ఓస్‌లండ్ గొంతు సవరించుకున్నాడు. ఈ మనిషి గొంతు సవరించుకున్నాడంటే ఎవరికో మూడినట్టే. పెద్ద కాలేజీ నుంచి ఒక సెంటర్ మన దగ్గరికి మారుతున్నాడని, నూట నలభై కిలోల మనిషని, సంతకాలు కూడా అయిపోయాయని చెప్పాడు. జట్టులో ఉండాల్సిన లెక్కకి ఒక్కడు కూడా ఎక్కువ ఉండకూడదు కాబట్టి ఇప్పటి సెంటర్ మైలో ట్రూక్సాని తీసేస్తున్నామన్నాడు.

"శుక్రవారంలోగా నువ్వే చెప్పు వాడికి. నీ కుర్రాడు కదా."

"వాడికిది ఆఖరి ఏడు డ్వేన్. నాలుగేళ్ళు చాకిరీ చేశాడు. ఈ ఒక్క ఏడూ ఆడితే అయిపోతుంది వాడి ఆట."

ఓస్‌లండ్ బర్డిక్ వైపు చూశాడు. బర్డిక్ ఫైల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద ఆర్లో ముందుకి జరిపాడు. అది నవంబరులో ఆడిన ఆఖరి మ్యాచ్ మార్కుల కాగితం. శనివారం మ్యాచ్ అయితే ఆదివారం తెల్లారకముందే ఆర్లో ఒక్కడూ కూర్చుని ఫిల్ము చూస్తాడు. లైనులో ఒక్కొక్కడికీ, ఒక్కొక్క ఎత్తుకీ ప్లస్సో మైనస్సో వేసి ఆ కాగితం లైను గది గోడకి అంటిస్తాడు. పందొమ్మిదేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు.

"అరవై రెండో ఎత్తు," అన్నాడు బర్డిక్. "రాత మీదేగా?"

ఆర్లో రాతే. మ్యాచ్ మూడు నిమిషాల్లో అయిపోతుందనగా నాలుగో డౌన్, అంటే ఆఖరి అవకాశం, రెండు గజాలు కావాలి. లైనంతా ఎడమకి జరిగింది. దాడి కుడి నుంచి వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ మోకాలూ పోయింది, బంతీ పోయింది, మ్యాచ్ పోయింది. మైలో పేరుకి ఎదురుగా ఆ గడిలో ఎర్ర పెన్నుతో ఒకటి కాదు, రెండు మైనస్‌లున్నాయి.

"తప్పు వాడిదని నువ్వే రాశావు. ఇంకేముంది మాట్లాడటానికి?" అన్నాడు ఓస్‌లండ్.

ఆర్లో కుర్చీ వెనక్కి తోసి లేచి వెళ్ళిపోయాడు. తలుపు మూసిన చప్పుడుకి వరండాలో కాఫీ పోసుకుంటున్న జట్టు డాక్టరు ఉలిక్కిపడి చేతి మీద ఒలకబోసుకున్నాడు.

*

మంగళవారం గాలి ఉత్తరం నుంచి కోస్తోంది. ఏప్రిల్ వచ్చినా మంచు గట్ల నీడలో ఇంకా మురికిగా మిగిలే ఉంది. ప్రాక్టీసుకి అరగంట ముందే మైలో మైదానంలో ఉన్నాడు. బకెట్లో ముంచిన బంతిని తీసుకుని, వంగి, వెనక్కి విసరడం, మళ్ళీ ముంచడం. వానలో బంతి జారుతుంది కాబట్టి తడి బంతితోనే అలవాటు చేసుకోవాలని ఎవరూ చెప్పకుండానే రెండో ఏటి నుంచి చేస్తున్నాడు. వేళ్ళ చివర్లకి చుట్టిన పట్టీ తడిసి ఊడిపోతుంటే పంటితో లాగి మళ్ళీ బిగించుకుంటున్నాడు.

పొలం మీద పెరిగిన కుర్రాడు. వీపు వెడల్పు, మాట తక్కువ. మొదటి రెండేళ్ళూ స్కాలర్‌షిప్పు కూడా లేకుండా ఉత్తినే ఆడాడు. జట్టులో ఎవరికి తిండి ఎక్కువైనా తక్కువైనా వాళ్ళమ్మ పండు గుజ్జు పెట్టి కాల్చి పంపే కొలాచీ రొట్టెల డబ్బా మాత్రం లైను గదిలో బల్ల మీద ఉండేది, మధ్యాహ్నానికల్లా ఖాళీ అయ్యేది. పుల్లవిరుపుగా మాట్లాడటం వాడికి రాదు. వాడు గట్టిగా మాట్లాడేది ఒక్కచోటే, బంతి ముందు వంగి నిలబడి మిగతా నలుగురికీ కేక పెట్టేటప్పుడు. ఆ గొంతు స్టాండ్ల పై మెట్లదాకా వినిపించేది.

నడుమెత్తు ఇనప పందిరి కింద కుర్రాళ్ళని వంగి పరిగెత్తిస్తూ ఆర్లో తిడుతూనే ఉన్నాడు. తల పైకెత్తితే పందిరి ఠంగున మోగుతుంది. మోగిన ప్రతిసారీ "నిలబడి చూడ్డానికి ఇదేం పెళ్ళా?" అంటున్నాడు. మొదటి ఏడు కుర్రాడు టోబీ రక్కర్ వరసగా మూడుసార్లు మోగించాడు. మైలో వాడి పక్కకి వెళ్ళి, ఏమీ అనకుండా, వాడి పిరుదుల మీద చెయ్యి పెట్టి కిందికి నొక్కి, ముందు తను పరిగెత్తి చూపించాడు. నాలుగోసారి మోగలేదు. వీడికి నేనేమని చెప్పాలి, ఏ నోటితో చెప్పాలి అనుకున్నాడు ఆర్లో. శుక్రవారానికి ఇంకా మూడు రోజులుంది. చెప్పకుండానే ఇంకో గంట గడిచింది.

జట్టంతా కలిసి ఆడేటప్పుడు వచ్చింది అసలు సంగతి. బర్డిక్ గీత బయట నిలబడి బోర్డులెత్తిస్తున్నాడు. మైలో బంతి మీద చెయ్యేసి తలెత్తి చూశాడు. వేలు కుడి వైపుకి చాపాడు. నోరు తెరిచాడు. అంతలో పసుపు బోర్డు లేచింది. వాడు ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ కుడి వైపుకే వేలు చూపించాడు, ఈసారి గీత బయట నిలబడ్డవాళ్ళకేసి తిరిగి. పసుపు బోర్డు రెండుసార్లు ఊగింది. మైలో నోరు మూసుకుని పక్కవాడి తొడ మీద తట్టాడు. లైను ఎడమకి జరిగింది, కుడి నుంచి ఇద్దరు తోసుకొచ్చారు. ప్రాక్టీసు కాబట్టి క్వార్టర్‌బ్యాక్‌ని ఎవరూ ముట్టుకోకుండానే ఈల మోగింది.

"లైన్! ఏంటది?" అని అరిచాడు బర్డిక్.

మైలో వెనక్కి వచ్చి మళ్ళీ వంగాడు.  ఆ వేలు చాపడం ఆర్లో కళ్ళలో నిలిచిపోయింది. ఎక్కడ చూశానిది అనుకున్నాడు. తను చూసిన ఏ ఫిల్ములోనూ చూడలేదు, అదే అతన్ని తొలిచేసింది.

ఆర్లో గదికి ఒక కట్టుబాటుంది. ఆదివారం కాగితం గోడకెక్కాక ఎవడూ సంజాయిషీ చెప్పకూడదు. నేనలా అనుకున్నాను, వాడు నాకు చెప్పలేదు, కాలు జారింది, ఇవేవీ పనికిరావు. ఫిల్ములో ఏది కనిపిస్తే అదే. నోరు తెరిచినవాడికి ఇంకో మైనస్. సాకులు చెప్పేవాడు లైనుకి పనికిరాడని అతని నమ్మకం, దాని గురించి కోచ్‌ల సభల్లో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఆ గదిలో నుంచి వెళ్ళినవాళ్ళలో పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఇప్పటికీ కలిసినప్పుడు ఆ మాట తలుచుకుని నవ్వుతారు.

*

బుధవారం పొద్దున్నే ఫిల్ము గదికి వెళ్ళాడు. అక్కడుండేది గ్రేటా మోసర్. అరవై దాటింది, మోకాళ్ళ మీద శాలువా, ముందు మూడు తెరలు. మైదానం మీద నాలుగు కెమెరాలు తీసిందంతా ముక్కలు చేసి, ఎవరికి కావలసింది వాళ్ళకి పంపేది ఆవిడే.

నవంబరు మ్యాచ్, అరవై రెండో ఎత్తు కావాలన్నాడు ఆర్లో. నీ దగ్గరుందిగా అంది. అది కాదు, కొయ్యకుండా ఉన్నది కావాలన్నాడు.

ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది. "ఇన్నేళ్ళలో కొయ్యనిది అడగటం ఇదే మొదలు. బంతి కదలడానికి రెండు సెకన్ల ముందు నుంచి చాలు, తక్కిందంతా దండగ అన్నావు నువ్వే. అప్పటినుంచి అలాగే కోస్తున్నా."

"పెట్టు గ్రేటా."

పెట్టింది. తెర మీద వాన పడుతోంది. మైలో బంతి ముందుకి వచ్చి వంగాడు. బంతి కదలడానికి ఇంకా పదకొండు సెకన్లు. తల అటూ ఇటూ తిప్పాడు. కుడి వైపున వెనకాల నిలబడ్డ ఒకడు ఒక్కో అడుగే ముందుకి దొంగనడక నడుస్తున్నాడు. మైలో వేలు ఠక్కున వాడి మీదకి వెళ్ళింది. నోరు పెద్దగా తెరుచుకుంది. పక్కవాళ్ళిద్దరూ కుడికి సర్దుకున్నారు కూడా. ఎనిమిది సెకన్లు. గీత బయట పసుపు బోర్డు లేచింది. మైలో అటు చూసి, రెండు చేతులూ ఎత్తి కుడి వైపుకి చూపించాడు. చూపించడం కాదు, బతిమాలాడు. బోర్డు దిగలేదు. దాని వెనక బర్డిక్ గడ్డం కనిపిస్తోంది, బోర్డు పట్టుకున్నవాడి మోచెయ్యి పైకి తోస్తున్నాడు. నాలుగు సెకన్లు. మైలో చేతులు దించాడు. పక్కవాడి తొడ మీద తట్టాడు. అక్కడ రెండు సెకన్లుంది. ఆర్లో నవంబరులో చూసింది అక్కణ్ణించే.

మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టింది. అయిదోసారి అడిగితే గ్రేటా తెర ఆపేసి, ఇక చాల్లే అంది.

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు నెలలు. ఆ కుర్రాడు ఊళ్ళో గడ్డం గీయించుకోవడానికి వెళ్తే కుర్చీలో కూర్చున్న ముసలాడు మొహం తిప్పుకున్నాడట. క్వార్టర్‌బ్యాక్ తల్లి ఆసుపత్రి వరండాలో వాడు తెచ్చిన పూలు తీసుకోలేదట. ఇవన్నీ ఆర్లో విన్నాడు, పాపం అనుకున్నాడు, తప్పు చేసినవాడికి తప్పదులే అని కూడా అనుకున్నాడు. ఆ నాలుగు నెలలూ బర్డిక్ నిక్షేపంగా తిని తిరిగాడు.

ఓస్‌లండ్ గదికి వెళ్ళేసరికి బర్డిక్ అక్కడే ఉన్నాడు. ఇద్దరూ వసంతకాలంలో తమలో తాము ఆడుకునే మ్యాచ్‌కి జట్టుని రెండుగా విడదీస్తున్నారు. ఆర్లో కూర్చోలేదు.

"అరవై రెండో ఎత్తుకి పసుపు బోర్డు ఎత్తించింది ఎవరు?"

బర్డిక్ నీళ్ళు నమల్లేదు. అది ఆర్లోని ఇంకా మండించింది. "నేనే. తప్పు చదివాను. నాకా రాత్రే తెలుసు."

"తెలిస్తే నాలుగు నెలలు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"మీరు అడుగుతారనుకున్నాను. ఆదివారం పొద్దున్న వచ్చేసరికి మీ కాగితం గోడ మీదుంది. లైను మీ సామ్రాజ్యం. అందులో వేలు పెట్టొద్దని నేను చేరిన రోజే చెప్పారు మీరు." కిటికీ వైపు జరిగి, "అడిగితే చెప్పేవాణ్ణి," అన్నాడు. చెప్పేవాడేమో కూడా. కాని అడక్కపోతే చెప్పకుండా ఉండగలిగాడు, అంత చల్లగా.

ఆర్లో ఓస్‌లండ్ వైపు తిరిగాడు. నీకూ తెలుసా అని అడగాల్సిన పని లేకపోయింది, ఆ మొహమే చెబుతోంది.

"ఆ రోజు నా పరిస్థితి చూడు," అన్నాడు ఓస్‌లండ్. "క్వార్టర్‌బ్యాక్ ఆపరేషన్ బల్ల మీద. డబ్బిచ్చే పెద్దమనుషులందరూ ఫోన్లు. వీణ్ణి తెచ్చి అప్పటికి ఏడాది కాలేదు, వీడి తప్పంటే తెచ్చిన నా తప్పు. అంతలో నువ్వే రాసి అంటించావు సెంటర్ తప్పని. నీ మాట మీద ఎవరికీ అనుమానం రాదు ఆర్లో. అదే నిలబడిపోయింది."

"నా రాత అడ్డం పెట్టుకుని ఆ కుర్రాణ్ణి బలిచ్చారన్నమాట."

"నీ రాతే కదా," అన్నాడు ఓస్‌లండ్, మెల్లిగానే.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తగిలినందుకు ఆర్లో ఇంకా రెచ్చిపోయాడు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, తన మాట చెప్పేశాడు. మైలో జట్టులో ఉంటాడు. కొత్తవాడు వస్తే రానీ, ఇద్దరూ పోటీ పడతారు, గెలిచినవాడు ఆడతాడు. బోర్డుల మీద ఎత్తు పేరు చూపించుకోండి, ఎన్ని రంగులైనా ఎత్తుకోండి, కాని లైను ఎటు జరగాలన్నది మాత్రం సెంటరే చెబుతాడు. ఇవి రెండూ కాకపోతే శుక్రవారం పొద్దున్న జట్టులోని నూటపాతిక మంది ముందు కొయ్యని ఫిల్ము వేస్తాను, ఆ తర్వాత నా పెట్టె నేనే సర్దుకుంటాను. పందొమ్మిదేళ్ళలో పెద్ద కోచ్‌తో అలా మాట్లాడటం అదే మొదలు. 

తాడో పేడో తేలిపోతుందనుకున్నాడు. ఓస్‌లండ్ బల్ల మీదున్న కాగితాల దొంతర వైపు ఒకసారి చూసి, దాన్ని చేత్తో సరిచేసి, "సరే," అన్నాడు.

"ఏది సరే?"

"రెండూ. కుర్రాణ్ణి ఉంచు. కేక వాడికే ఇస్తాం, ట్రెంట్ ఏమీ అనడు. మైనస్ కూడా కొట్టేసుకో, నీ ఇష్టం."

బర్డిక్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని తెలిస్తే నవంబరులోనే అడిగేవాణ్ణి కదా అనుకుంటూ మెట్లు దిగాడు ఆర్లో. దిగుతుంటే చాలా ఏళ్ళ తర్వాత ఒళ్ళు తేలిగ్గా అనిపించింది.

*

గురువారం మధ్యాహ్నం లాకర్ల గదిలో మైలో ఒక్కడే ఉన్నాడు. బెంచీ మీద కూర్చుని బూట్ల మేకుల మధ్య మట్టిని చెంచా వెనకతో గీకుతున్నాడు. ఆర్లో ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. ఈ మాట చెప్పడానికి పొద్దుటినుంచీ తహతహలాడుతున్నాడు, ఇప్పుడు ఒక్కసారిగా కుమ్మరించాడు. కొయ్యని ఫిల్ము చూశానన్నాడు. బోర్డు తప్పు, నీది ఒప్పు, మొదటినుంచీ ఒప్పేనన్నాడు. నిన్ను తీసేద్దామనుకున్నారు, నేను వాళ్ళ గొంతు మీద కూర్చుని ఆపించాను, కేక కూడా మళ్ళీ నీదే అన్నాడు.

మైలో బూటు కింద పెట్టాడు. "థాంక్యూ కోచ్," అన్నాడు. అని మళ్ళీ రెండో బూటు తీసుకున్నాడు.

"అంతేనా?"

"నేను సోమవారమే పోర్టల్లో పేరు పెట్టాను కోచ్. కొత్త సెంటర్ వస్తున్నాడని పన్నెండింటికల్లా అందరికీ తెలిసిపోయింది. వేరే కాలేజీకి వెళ్ళాలనుకునేవాళ్ళు పేరిస్తే ఆ కాగితం అదే రోజు పెద్ద కోచ్ బల్ల మీదకి వెళ్తుందంట. మీకు తెలుసేమో అనుకున్నా."

ఆర్లోకి తెలియదు. ఓస్‌లండ్‌కి తెలుసు. వెళ్ళిపోయేవాణ్ణి ఉంచుతానని మాటిచ్చి నిన్న పెద్దమనిషిలా తలూపాడు. ఆర్లో పళ్ళు పటపట కొరికాడు. లేచి మళ్ళీ పైకి వెళ్ళి ఆ బల్ల తిరగెయ్యాలనిపించింది. కాని ఇప్పుడు అంతకంటే పెద్ద మంట ఇంకొకటి లేచింది, అది ఈ కుర్రాడి మీద.

"నాలుగు నెలలురా. ఊరంతా నిన్ను కాల్చుకు తింటుంటే ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క నాతో చెప్పడానికేం? నేనేమైనా పులినా?"

మైలో చెంచా ఆపాడు. తల వంచుకునే, ఎక్కడో చదివి చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆదివారం వచ్చాను కోచ్. ఆరున్నరకి. మీరు కాగితం అంటిస్తున్నారు. 'కోచ్, ఆ బోర్డు' అన్నాను. మీరు తిరిగి చూడలేదు. పెన్ను తీసి నా గడిలో ఇంకో మైనస్ వేశారు."

ఆర్లోకి ఆ ఆదివారం గుర్తుంది. వాన, గోడ, టేపు తెగకపోతే పంటితో కొరకడం, అన్నీ గుర్తున్నాయి. వెనక ఎవడో ఏదో అనబోవడం, చెయ్యి దానంతటదే పెన్ను దగ్గరికి వెళ్ళడం కూడా లీలగా గుర్తుంది. ఆ గొంతు ఎవరిదో మాత్రం ఆరోజే పట్టించుకోలేదు. సోమవారం ఆ రెండో గీతని బర్డిక్ కాగితం మీద కళ్ళారా చూసి కూడా, అది ఎందుకుందని తనని తాను అడగలేదు.

"నన్ను తిట్టు," అన్నాడు. "నాకు తిట్టించుకోవాలనుంది."

"మీ మీద కోపం లేదు కోచ్. గది రూలు కదా." నిజంగానే లేదు వాడికి. అదే ఆర్లో భరించలేకపోయాడు. కోపం ఉంటే ఏదో ఒకటి చెయ్యొచ్చు.

ఉండిపొమ్మని అడిగాడు. ఆ గదిలో ఎప్పుడూ వాడని మెత్తని గొంతుతో అడిగాడు. కేక నీదేనన్నాడు, ఆ మార్కుల కాగితం తెచ్చి అందరి ముందూ చింపేస్తానన్నాడు. మైలో బూట్లు రెండూ సంచిలో పెట్టి జిప్ లాగాడు.

"మంగళవారం రాత్రి ఇంటికెళ్తే ఒకాయన ఫోన్ చేశాడు కోచ్. కొండల్లో చిన్న కాలేజీ, అక్కడి కోచ్. స్టాండ్లంటే మనలా కాదంట, రెండు వరసల బెంచీలంట. ఆయన ఆ మ్యాచ్ చూశాడు. నేను ముందే సారీ చెప్పబోయాను. 'అది సరే, బంతి కదలకముందు నీకేం కనిపించింది?' అన్నాడు." వాడి మొహం మొదటిసారి విప్పారింది. "నాకు ముందు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. అంతే, నలభై నిమిషాలు ఆగకుండా మాట్లాడాను. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది, ఎవరితో అని."

ఆర్లో, నాలుగేళ్ళలో ఆ కుర్రాడు తనతో మాట్లాడిన మాటలన్నీ కూడితే నలభై నిమిషాలవుతాయా అని లెక్కేసుకున్నాడు. కావు. మైలో లేచి చెయ్యి చాపాడు. పట్టీల జిగురు ఇంకా వేళ్ళకి అంటుకునే ఉంది. వెళ్తూ, టోబీ నడుము ఇంకా పైకెత్తుతున్నాడని, కుడి మడమ నేలకి ఆనిస్తే సర్దుకుంటుందని చెప్పి వెళ్ళాడు.

*

శుక్రవారం మూడింటికి లైను గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. మైలో వెళ్ళిపోయిన సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. ఆర్లో తెర దించి నిన్నటి ప్రాక్టీసు ఫిల్ము వేశాడు. గ్రేటా చేత ఈసారి కొయ్యకుండా తెప్పించాడు. కుర్రాళ్ళు బంతి ముందు ఊరికే నిలబడి ఉన్న పదేసి సెకన్లు కూడా తెర మీద నడుస్తుంటే గదిలో కుర్చీలు కిర్రుమంటున్నాయి.

తొమ్మిదో ఎత్తు దగ్గర ఆపాడు. నడిమి స్థానంలో టోబీ రక్కర్. పద్దెనిమిదేళ్ళవాడు, సెంటర్‌గా నిలబడటం అదే మొదటి రోజు. ఆ ఎత్తులో వాడు ఎడమ వైపు ఒకణ్ణి చూసి వేలు చూపించాడు, కేక పెట్టాడు, దాడి ఎడమ నుంచే వచ్చింది, లైను గోడలా ఆపింది. నాలుగేళ్ళు ఆడినవాడు చెయ్యాల్సిన పని.

"టోబీ. ఇక్కడ నీకేం కనిపించిందిరా?"

టోబీ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. పక్కవాళ్ళ వైపు చూశాడు. ఎవడూ వాడి వైపు చూడలేదు, అందరూ నేల చూస్తున్నారు.

"తప్పు నాదే కోచ్," అన్నాడు. "ఇంకోసారి జరగదు."

"తప్పు కాదు. ఏం కనిపించిందని అడుగుతున్నా."

"సారీ కోచ్. తప్పు నాదే."

ఆర్లో చేతిలో కాగితముంది. తొమ్మిదో ఎత్తుకి ఎదురుగా ఆ పిల్లాడి పేరు మీద పొద్దున్నే ప్లస్ వేశాడు.